పున్నమికి ఉడకని పసుపు

మా అత్త ముత్తెమ్మ ముక్కు గురించి ఆర్మూరు పసుపు రైతులు గుళ్లో మాట్లాడినంత మెల్లగా మాట్లాడేవారు. తవ్విన పసుపును ఎండబెట్టే ముందు ఉడకబెట్టాలి. తక్కువ ఉడికితే పురుగు పడుతుంది, ఎక్కువ ఉడికితే ముద్దయి రంగు చచ్చిపోతుంది. పెద్ద ఇనుప కొప్పెర నిండా కొమ్ములు పోసి, పైన పసుపాకు పరిచి, గోనె సంచులు కప్పి మంట పెడతారు. లోపల ఏం జరుగుతోందో కంటికి కనిపించదు. మధ్యలో తీసి చూశామా, ఆవిరి పోయి పైది పచ్చిగా, కిందది మెత్తగా తయారవుతుంది. మూత ఒక్కసారే తీయాలి. ఆ ఒక్కసారి ఎప్పుడో తప్పకుండా చెప్పగలిగింది చుట్టుపక్కల మా అత్త ఒక్కతే. ఆవిరి వాసన చూసి చెబుతుందని అందరూ అనుకునేవారు. నేనూ అదే అనుకున్నాను, నాకేమైనా వేరే తెలివి ఉంటే కదా.

ఆమెకు పట్టింపులు ఎక్కువ. ఎవరి చేనుకూ వెళ్లి ఉడకబెట్టేది కాదు. నందిపేట నుంచైనా బాల్కొండ నుంచైనా పసుపే బండ్లెక్కి సిద్ధులగుట్ట కింద నర్సింలు పటేలు కల్లానికి రావాలి. మా గుడిసె కూడా ఆ కల్లం అంచునే ఉండేది. రాత్రికి రెండే కొప్పెరలు. ఒకటి పొద్దు గుట్ట వెనక్కి దిగేటప్పుడు, ఒకటి తొలికోడి కూసేటప్పుడు. ఇక పున్నమికి ముందు మూడు రోజులు, వెనక మూడు రోజులు పొయ్యి ముట్టించేదే కాదు. తవ్విన పసుపు కుప్పలుగా పడి ఉన్నా సరే, పటేలు తల బాదుకున్నా సరే. పున్నమి పసుపు పెళ్లికి పనికిరాదని ఒకరు, అమ్మవారు కలలో కనిపించి వద్దన్నదని ఒకరు, ఎవరికి తోచిన కథ వాళ్లు చెప్పుకునేవారు. కొన్నాళ్లకు సొంతంగా ఉడకబెట్టుకునే రైతులు కూడా పున్నమి రోజుల్లో పొయ్యి ముట్టించడం మానేశారు.

నేను బాల్కొండ నుంచి కోడలిగా వచ్చేసరికి నాకు వంట రాదు, నోరు మాత్రం బాగా వచ్చు. వచ్చిన వారం రోజుల్లో మూడుసార్లు అన్నం మాడ్చాను. మా ఆయన రాజన్న ముద్ద నోట్లో పెట్టుకుని మొహం వంకర చేశాడు. అత్త మాత్రం ఒక్క మాట అనకుండా మాడు వాసన వేసే అన్నం కడుపు నిండా తిని చేయి కడుక్కుంది. ఎంత బంగారు మనసు అనుకున్నాను. మా అమ్మకు కబురు చేసి మరీ చెప్పాను.

మొదటి కానుపులో నాకు కొడుకు పుట్టి మూడు రోజులే ఉన్నాడు. ఆ తరువాత నాలో ఏదో జంకు చేరింది. మళ్లీ నెల తప్పాక అది పది రెట్లయింది. ఏడో నెల వచ్చేసరికి అరవై రెండో సంవత్సరం, అష్టగ్రహ కూటమి అన్నారు. ఎనిమిది గ్రహాలు ఒక్కచోట చేరుతున్నాయి, అమావాస్యకు లోకం మునుగుతుంది అని ఊరంతా ఒకటే మాట. బస్సుల్లో జనం తగ్గారు. ఆర్మూరు బజారులో కొందరు దుకాణాలు కట్టేసి భజనల్లో కూర్చున్నారు. అత్త ఒక్కతే ఎప్పటిలా కట్టెలు పేర్చుకుంటోంది. లోకం మునిగితే మునగనీ, తవ్విన పసుపు ఆగదు కదా అనేది.

ఆ రోజుల్లోనే నేను ఆ కూతను చెవి పెట్టి విన్నాను. అంతకు ముందు కూడా వినే ఉంటాను, పట్టించుకోలేదు. కల్లం మూలన ఒక ముసలి ఇప్పచెట్టు ఉండేది. సగం ఎండిపోయి, ముగ్గురు మనుషుల ఎత్తులో పెద్ద తొర్ర. చీకటి బాగా పడి చుక్కలన్నీ తేలాక ఆ చెట్టు కొన మీంచి వచ్చేది ఆ కూత. పిట్ట గొంతు కాదు, కుక్క గొంతు కాదు. బరువుగా, ఎక్కడో కడుపులోంచి, ఆగి ఆగి, ఒకే కొలతతో. నా చెవులకు అది "పో... పో... పో..." అన్నట్టు వినిపించేది. తెల్లవారుజామున మళ్లీ ఒకసారి. అలా కూసిన ప్రతిసారీ నా చేయి కడుపు మీదికి పోయేది. చావుపిట్ట అని బావి దగ్గర ఆడవాళ్లు తేల్చేశారు. నా కడుపులోని దాన్నే పొమ్మంటోందని నేను తేల్చుకున్నాను.

చావుపిట్ట కూస్తే పొయ్యిలో ఉప్పు వేయాలని, దాని నోరు మండి పారిపోతుందని మా అమ్మమ్మ చెప్పేది. నాలుగు రాత్రులు దోసెడు దోసెడు వేశాను. ఉప్పు చిటపటమన్నది, కూత ఆగలేదు. ఇక మా ఆయన ప్రాణం తీశాను, ఆ చెట్టు కొట్టించమని. కట్టెలకు కరువుగానే ఉంది కాబట్టి పటేలు వెంటనే ఒప్పుకున్నాడు. కట్టెలు కొట్టే జమీల్ అమావాస్య మర్నాడు వస్తానన్నాడు. ఆ మాట అత్త చెవిన వేస్తే, చేతిలో ఉన్న చేట కింద పెట్టింది. "గా చెట్టు నిన్నేమన్నదే?" అని మాత్రం అడిగింది. ఎందుకు కొట్టకూడదో చెప్పమంటే చెప్పలేదు. పట్టింపుల్లో ఇదొకటి కాబోలని నేను లోపలికి వెళ్లిపోయాను.

అమావాస్య నాడు రాజన్న భజనకు వెళ్లాడు. కల్లంలో మేమిద్దరమే. పొద్దు గుట్ట వెనక్కి దిగుతుండగా అత్త మంట పెట్టింది. ఆ రాత్రి ఆ కూత నా కడుపులోని దాన్ని తాకకూడదని నేను గట్టిగా అనుకున్నాను. అత్త కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి బావి వైపు వెళ్లగానే, పగిలిన కుండ పెంకులో నిప్పులు తీసుకుని, పచ్చి వేపాకూ ఉప్పూ వేసి, ఇప్పచెట్టు మొదట్లో పెట్టాను. పొగ మొద్దును పట్టుకుని నేరుగా తొర్రలోకి ఎక్కింది. వేపాకు పొగ వాసన కల్లమంతా కమ్మేసింది. అత్త తిరిగి వచ్చి, ఏమీ అడగకుండా పొయ్యి దగ్గర కూర్చుంది. పోనీలే, ఊరుకుంది, మనసు మార్చుకుందేమో అనుకున్నాను.

చీకటి పడింది. చుక్కలు తేలాయి. కూత రాలేదు. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ పీల్చినప్పుడే ముక్కుకు తగిలింది, అంతదాకా పచ్చి మట్టిలా ఉన్న ఆవిరి తియ్యగా, ఘాటుగా మారింది. ఇప్పుడు అత్త లేస్తుంది అనుకున్నాను. అత్త లేవలేదు. చెవి చెట్టు వైపు పెట్టి కూర్చుంది. మళ్లీ ఒక కట్టె లోపలికి తోసింది. ఆవిరి వాసన ఇంకా మారింది, గంజి అడుగంటుతున్నట్టు వచ్చింది. నాకు భయం వేసింది, కానీ ముత్తెమ్మ ముక్కుకు ఎదురు చెప్పడానికి నేనెవరిని? చివరికి ఉండబట్టలేక, మాడు వాసన వస్తోంది అత్తా అన్నాను. ఆమె ఉలిక్కిపడి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, దొరికిపోయిన మనిషి భయం ఉంది. నాకు మాడిన అన్నం గుర్తొచ్చింది. పక్కనే ఇంకా పొగలు కక్కుతున్న వేపాకు చూశాను.

"అత్తా, నీకు వాసన రాదా?"

ఆమె గోనెలు లాగేసి చూసింది. చేయి పెడితే కొమ్ములు వేళ్ల మధ్య నలిగాయి. నేల మీద చతికిలపడింది.

"పోలీస్ యాక్షనయిన ఏడు జరమొచ్చి పోయింది బిడ్డా, ముక్కు. అన్ని వాసనలు మరిచిన. కొప్పెర మూత తీసినప్పటి వాసన ఒక్కటే యాదికున్నది" అన్నది.

ఆ రాత్రి పొయ్యి చల్లారేదాకా ఆమె చెప్పింది, నేను విన్నాను. వాసన పోయిన మొదటి ఏడాది, ఎవరికీ చెప్పుకోలేక కొప్పెర ముందు కూర్చుని ఏడుస్తుంటే ఇప్పచెట్టు మీద ఈ కూత వినిపించిందట. దిక్కు తోచక అప్పుడే మూత తీసింది. పసుపు అచ్చంగా కుదిరింది. మర్నాడు అలాగే చేసింది, అలాగే కుదిరింది. అప్పటి నుంచి ఆ జంతువును చూడడం మొదలుపెట్టింది. అది పిట్ట కాదు, పిల్లి అంత ఉడుత. ఆమె దానికి గొంగడుడుత అని పేరు పెట్టుకుంది. పగలంతా తొర్రలో నిద్రపోతుంది. పొద్దు గూకాక ఒకే వేళకు తల బయట పెడుతుంది, కొనకెక్కి కూస్తుంది, మేతకు పోతుంది, తొలికోడి కూశాక తిరిగివచ్చి మళ్లీ కూస్తుంది. వెన్నెల రాత్రుల్లో గుడ్లగూబలకు జడిసి కాబోలు, నోరు మెదపదు. పున్నమికి పసుపు ఎందుకు ఉడకదో అప్పుడు నాకు అర్థమైంది. పొద్దు దిగేటప్పుడూ తొలికోడి కూసేటప్పుడూ మాత్రమే మంట ఎందుకు పెడుతుందో, ఎవరి చేనుకూ ఎందుకు పోదో అర్థమైంది. అమ్మవారు కలలోకి రావడం, పెళ్లికి పనికిరాకపోవడం అన్నీ ఊరే అల్లుకుంది. పద్నాలుగేళ్లుగా ఇన్ని ఊళ్ల పసుపు ఒక జంతువు మాట మీద ఉడికింది. నాకు నవ్వు రావాల్సింది, రాలేదు. చీకట్లో ఆ చెట్టు వైపు చూడాలంటే ఏదో పెద్ద దాని ముందు నిలబడినట్టు అనిపించింది.

అది పోపో అనడం లేదా అని అడిగాను. అత్త ముసిముసిగా నవ్వింది. ఆమెకు పద్నాలుగేళ్లుగా "ఉడుక్... ఉడుక్..." అనే వినిపిస్తోందట.

తెల్లారేసరికి లోకం మునగలేదు కానీ మా బతుకు మునిగేలా ఉంది. కల్లంలోకి వచ్చిన నర్సింలు పటేలు ముద్దయిన పసుపు వేళ్లతో నలిపి చూశాడు. ముత్తెమ్మ చేతిలో కొప్పెర చెడడం ఆయన ఎన్నడూ చూడలేదు. వెనకే జమీల్ గొడ్డలి భుజాన వేసుకుని వచ్చాడు. ఈ చెట్టు మీది అపశకునమే ఇదంతా చేసింది, మొదలంటా నరుకు అన్నాడు పటేలు. జమీల్ అంగీ విప్పి కొమ్మకు తగిలించాడు.

అత్త ముందుకు వచ్చింది. "ఆగు పటేలా. నా ముక్కు..." అన్నది. ఆ ఒక్క మాట పూర్తయితే చెట్టు నిలుస్తుంది, ఆమె నిలవదు. ఆమె పేరు, ఆమె పొయ్యి, ఇన్నేళ్ల మర్యాద అంతా ఆ మాటతో పోతుంది. అది తెలిసే చెబుతోంది. ఇంత చేసింది నేను, చెప్పేది ఆమె.

నేను ఆమెను పక్కకు జరిపి అడ్డంగా నిలబడ్డాను.

"తప్పు నాది పటేలా. గా చెట్టు కింద వేపాకు పొగ పెట్టిన. గది చావుపిట్ట గాదు, ఉడికిందని మా అత్తకు చెప్పే జంతువు. రాత్రి దాని నోరు మూయించిన, కొప్పెర చెడ్డది."

ఒక్క ముక్క అబద్ధం చెప్పలేదు. చెప్పకుండా మిగిల్చింది మాత్రం ఒకటి ఉంది. పటేలు నన్నూ చెట్టునూ అత్తనూ మార్చి మార్చి చూశాడు. ముత్తెమ్మ పట్టింపుల మీద ఆయనకు గుడ్డి నమ్మకం. కానీ ముద్దయిన పసుపు కూడా కళ్ల ముందే ఉంది. సాయంత్రం ఇంకో కొప్పెర పెట్టండి, నేనే కూర్చుని వింటాను అన్నాడు. అది కూయాలి, మూత తీస్తే పసుపు సరిగ్గా ఉండాలి. లేకపోతే చెట్టు ఉండదు, ఈ కల్లంలో ముత్తెమ్మ పొయ్యీ ఉండదు అన్నాడు. జమీల్ గొడ్డలి మొద్దుకు ఆనించి, నేనూ ఉంటానన్నాడు.

ఆ పగలంతా నేను తొర్ర వైపే చూశాను. పొగకు లోపలే చచ్చిందా? గుట్ట మీదికి వెళ్లిపోయి మళ్లీ రాదా? తొర్ర నల్లగా, కదలకుండా ఉంది. పెంకు తీసి పారేసి, చెట్టు మొదట్లో నీళ్లు చల్లాను. దానికి తెలుస్తుందా, తెలియదా అని ఆలోచించలేదు. చేతులు జోడించి, నా కడుపు మీద నీకేం కోపం లేదని నాకిప్పుడు తెలుసు, నా మీద ఉంటే ఉండనీ కానీ మా అత్త కోసం రా అని మొక్కుకున్నాను.

పొద్దు గుట్ట వెనక్కి దిగింది. అత్త మంట పెట్టింది. పటేలు, జమీల్ బండి చాటున కూర్చున్నారు. బీడీ ముట్టించొద్దని, దగ్గొద్దని అత్త ముందే చెప్పింది. ఆర్మూరు మసీదు నుంచి మగ్రిబ్ నమాజు పిలుపు వినిపించి ఆగిపోయింది. చీకటి చెట్టును మొదటి నుంచి పైకి మింగుతూ వెళ్లింది. నేను అత్త చేయి పట్టుకున్నాను.

చుక్కలు తేలాయి. ఏమీ లేదు. నా ముక్కుకు ఇంకా పచ్చి మట్టి వాసనే వస్తోంది.

అప్పుడు తొర్ర అంచున రెండు నిప్పుకణికలు వెలిగాయి. మా పొయ్యి మంటే దాని కళ్లలో. తల బయట పెట్టి, అటూ ఇటూ చూసి, మళ్లీ లోపలికి తీసుకుంది. కొంతసేపటికి మొత్తంగా బయటికి వచ్చింది. ఇంత పెద్ద ఉడుతను నేను ఊహించలేదు. దాని తోకే నా చేయంత ఉంది. మొద్దు వెంబడి గోళ్ల గీకుడు చప్పుడు పైకి, ఇంకా పైకి పోయింది. కొనకు చేరి ఆగింది. సరిగ్గా అప్పుడు ఆవిరి వాసన మారింది. మట్టి పోయి, తియ్యగా, ఘాటుగా ముక్కు నిండింది. నేను అత్త చెవిలో చెప్పబోయాను, అంతలో పైన నుంచి వినిపించింది.

ఉడుక్... ఉడుక్... ఉడుక్...

అదే గొంతు, అదే కొలత. ఇన్ని రాత్రులు నన్ను చంపిన కూత అదే. ఎలా పోపో అని విన్నానో నాకే తెలియలేదు. అత్త లేచి గోనెలు లాగేసింది. ఆవిరి ఒక్కసారిగా తెల్లగా ఆకాశంలోకి లేచింది. ఆ క్షణంలో ఉడుత కొన మీద నుంచి తల రెండు మూడుసార్లు ఎత్తి దించి, దూకింది.

దూకడం కాదు అది. నాలుగు కాళ్లూ చాచగానే ఒళ్లంతా విచ్చుకుని, దండెం మీది గొంగడి గాలికి లేచినట్టు పరుచుకుంది. మా నెత్తి మీంచి, ఆవిరి లోంచి, ఒక్క చప్పుడు లేకుండా వచ్చింది. కింద మంట వెలుగు తగిలి దాని పొట్ట పసుపు పచ్చగా మెరిసింది. రెక్క కొట్టలేదు, అసలు రెక్కలే లేవు. గాలి దాన్ని మోస్తోంది, అంతే. నేను వెనక్కి వాలి చూస్తూనే ఉన్నాను. బావి దాటింది, బండ్ల బాట దాటింది, గుట్ట కింది మద్ది చెట్ల నల్లటి గుంపులో కలిసిపోయింది. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. నా కడుపులోని బిడ్డ ఒక్కసారి గట్టిగా తన్నింది. నాకు భయం వేయలేదు. ఏడుపు వచ్చింది, ఎందుకో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఇంత పెద్ద సంగతి రోజూ మా నెత్తి మీద జరుగుతుంటే నేను ఉప్పు పట్టుకుని తిరిగాను.

"సుబ్‌హానల్లా" అన్నాడు జమీల్, మెల్లగా. పటేలు తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపటికి కొప్పెర గుర్తొచ్చి, ఒక కొమ్ము తీసి విరిచాడు. టక్కున విరగకుండా, నలగకుండా, మెత్తగా తెగింది. లోపల అంచు నుంచి నడుమ దాకా ఒకటే రంగు. వెళ్తూ వెళ్తూ పటేలు జమీల్ గొడ్డలిని తనే ఎత్తి అతని భుజాన పెట్టాడు. మర్నాటి నుంచి ఆ చెట్టు కింద పొగ పెట్టకూడదన్నది కూడా ముత్తెమ్మ పట్టింపుల్లో చేరిపోయింది.

చైత్రంలో నాకు బిడ్డ పుట్టింది. అప్పటికి ఇప్పపూలు రాలుతున్నాయి, చీకటి పడగానే పైన కొమ్మల్లో నములుతున్న చప్పుడు గుడిసెలోకి వినిపించేది. మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజూ గడిచింది. పురిటి స్నానం చేయించాక అత్త మనవరాలిని ఒళ్లోకి తీసుకుని, అందరు అవ్వల్లాగే తల మీద ముక్కు ఆనించింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు, ముత్తెమ్మ ముక్కు ఏం చెబుతోంది అని వేళాకోళమాడారు. ఆమె నవ్వి ఊరుకుంది. వాళ్లంతా వెళ్లిపోయాక కూడా ముక్కు అక్కడి నుంచి తీయలేదు.

"చెప్పు గంగూ. ఎట్లుంది?" అని నన్నడిగింది.

నేను చెప్పబోయాను. పాలు అందామనుకున్నాను, నూనె అందామనుకున్నాను. అవేవీ ఆమెకు గుర్తులేవు కదా. బిడ్డ నెత్తి మీద వంగి నేనూ వాసన చూశాను. వేడినీళ్లూ, ఒంటికి రాసిన పసుపూ.

"కొప్పెర మూత తీసినప్పుడు వస్తది సూడు అత్తా, గదే" అన్నాను.

అత్త కళ్లు మూసుకుని, మళ్లీ వంగి, గుండె నిండా పీల్చుకుంది.

"గదైతే నాకు యాదికున్నది" అన్నది.